మూడు మాత్రల ఉపవాసం

2018 ఫిబ్రవరి మొదటి వారంలో నన్ను వాట్‌గంజ్ శాఖ నుంచి న్యూ టౌన్‌లోని కేంద్ర ప్రయోగశాలకు బదిలీ చేశారు. హోదా సీనియర్ బయోకెమిస్ట్. నా కింద ముగ్గురు టెక్నీషియన్లు, రెండు యంత్రాలు. నా పైన ల్యాబ్ డైరెక్టర్ డాక్టర్ సన్యాల్. నా పదవీ విరమణకు అప్పటికి రెండేళ్ళుంది. ల్యాబ్ పేరు ఇక్కడ అవసరం లేదు. గాజు తలుపు, చల్లటి గది, గోడమీద కారణం లేకుండా నవ్వుతున్న నలుగురు సభ్యుల కుటుంబం – ఈ ఊళ్ళో ల్యాబులన్నీ ఒకేలా ఉంటాయి.

రక్తం ఇచ్చి వచ్చాక దానికేమవుతుందో చాలామందికి తెలియదు. పేటల్లో ఉన్న కలెక్షన్ సెంటర్లలో తీసిన రక్తం గొట్టాలకు బార్‌కోడ్ అంటించి, చల్లటి పెట్టెలో పెట్టి న్యూ టౌన్‌కు పంపుతారు. యంత్రం అంకె చెబుతుంది. ఆ అంకెను ఒక మనిషి చూసి, నమ్మదగినదేనని నిర్ణయించి సంతకం చేయాలి. దాన్ని వెరిఫికేషన్ అంటారు. హార్మోన్లకు, ఇనుముకు ఆ మనిషిని నేను. రోజుకు రెండు వందలకు పైగా రిపోర్టులు నా కంటి ముందు నుంచి పోయేవి. నా కన్ను వాటన్నిటినీ చూసేదని ల్యాబ్ నమ్మేది. నేనూ నమ్మేదాన్ని.

కొత్త చోట నాకిచ్చిన మొదటి పని మాత్రం రక్తానికి సంబంధించింది కాదు. వాట్‌గంజ్, లిలువా సెంటర్లకు మునిసిపల్ పనివాళ్ళు, రైల్వే వర్క్‌షాపు కుటుంబాలు ఎక్కువగా వస్తారు. వాళ్ళలో తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు. రక్తం ఇచ్చేముందు పాటించవలసిన సూచనలు బెంగాలీ, హిందీల్లో ఉన్నాయి, తెలుగులో లేవు. డాక్టర్ సన్యాల్ నన్ను పిలిచి, "దిదీ, మీ భాషలో ఒక కాగితం తయారు చేయండి, మంచి భాషలో ఉండాలి" అన్నారు.

మంచి భాషకు నా దగ్గర కొదవ లేదు. నేను పుట్టింది లిలువాలో, నాన్న వర్క్‌షాపు ఫిట్టర్. చదివింది బెంగాలీ పిల్లలతో, ఇంగ్లీషులో. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది మా తెలుగు చర్చి సంఘం ఆదివారపు బడిలో. బైబిలు వాక్యం కంఠతా పట్టి, గొలుసు ప్రార్థనల్లో మోకరించి, కూటముల్లో చదివి నేర్చిన తెలుగు అది. అందుచేత చేపల ధర అడిగేటప్పుడు కూడా నా తెలుగు కొంచెం గంభీరంగా ఉంటుందని మా ఆయన నవ్వేవారు. ఇంగ్లీషు కాగితం మీద 'ఫాస్టింగ్' అనే మాట కనబడగానే నేను రెండో ఆలోచన లేకుండా రాశాను: 'ఉపవాసముతో రావలెను.' చూసుకుంటే చాలా బాగుంది. అచ్చు వేయించి రెండు సెంటర్లలో గోడకు అంటించారు.

అదే నెలలో సంఘంలో ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాస దినాలు మొదలయ్యాయి. మా పెద్దలు ఉపవాసాన్ని తేలిగ్గా తీసుకునేవాళ్ళు కారు. పాల చా, అంటే పాల టీ, తాగితే ఉపవాసం భంగమవుతుందా, పాలు లేని లికర్ చా అయితే ఫరవాలేదా అన్న విషయం మీద ఒక పూట కమిటీ కూర్చుంది. లికర్ చా నెగ్గింది. అంతకు ముందు సంవత్సరం చక్కెర జబ్బున్న ఒక పెద్దాయన మాత్రలు కూడా మానేసి ప్రార్థనలోనే పడిపోయాడు. అందుకని స్త్రీల సమాజం కార్యదర్శిగా నేను పట్టుబట్టి పాస్టరు అయ్యగారి చేత వేదిక మీద నుంచి ప్రకటన చేయించాను: మందులు ఆహారం కావు, మాత్ర వేసుకుంటే ఉపవాసం భంగం కాదు. ఆ ప్రకటన మీద నాకు చాలా తృప్తి కలిగింది.

ఇలా ఒకే నెలలో నేను తెలుగులో రెండు మంచి పనులు చేశాను. ఆ రెండూ కలిసి ఏం చేశాయో చెప్పడానికే ఇదంతా.

మూడో వారంలో ఒక రోజు వాట్‌గంజ్ సెంటర్ నుంచి ఒక నమూనా వచ్చింది. స్త్రీ, నలభై రెండేళ్ళు, మునిసిపల్ వైద్య పరీక్ష కోసం. యంత్రం నాలుగు అంకెలు చెప్పింది. రక్తంలో ఇనుము 264. ఉండవలసిన గరిష్ఠం 170. ఫెరిటిన్ 6, అది ఉండవలసిన దానికంటే బాగా తక్కువ. టీఎస్‌హెచ్ 0.03, దాదాపు సున్నా. టీ4 గీత దాటి పైకి.

వీటి అర్థం ఇంతే. రక్తంలో ఇనుము అంటే రోడ్డు మీద తిరుగుతున్న లారీలు, ఫెరిటిన్ అంటే గోదాములో సరుకు. వాట్‌గంజ్ రేవు దగ్గర పదకొండేళ్ళు పని చేసినదాన్ని కనుక నాకు ఈ పోలికే వస్తుంది. ఇక థైరాయిడ్. పిట్యూటరీ గ్రంథి పై అధికారి, థైరాయిడ్ గుమాస్తా, టీఎస్‌హెచ్ మెమో, టీ4 గుమాస్తా చేసిన పని. గుమాస్తా నిద్రపోతుంటే మెమోల మీద మెమోలు వస్తాయి, టీఎస్‌హెచ్ పెరుగుతుంది. గుమాస్తా అవసరానికి మించి పని చేస్తుంటే అధికారి మెమోలు ఆపేస్తాడు, టీఎస్‌హెచ్ సున్నాకు దిగుతుంది. రెండో రకం గుమాస్తాను నేను ఏ ఆఫీసులోనూ చూడలేదు గానీ థైరాయిడ్లలో ఉంటాడు.

అంటే ఈ నమూనా ప్రకారం ఆమెకు థైరాయిడ్ విపరీతంగా పని చేస్తోంది, రోడ్డు నిండా లారీలున్నాయి, గోదాము మాత్రం ఖాళీ. సరుకు లేని గోదాము ముందు లారీల బారు ఎందుకుందని ఆగి అడగవలసింది. నియమం ప్రకారం అసాధారణ ఫలితం వస్తే అదే నమూనాను మళ్ళీ యంత్రంలో పెట్టాలి. పెట్టించాను. అవే అంకెలు వచ్చాయి. ఒకే యంత్రం ఒకే రక్తాన్ని చూసి ఒకే మాట రెండుసార్లు చెబితే దాన్ని మా భాషలో నిర్ధారణ అంటారు. ఫారంలో ఫాస్టింగ్ అన్న గడిలో టిక్కు ఉంది. సంతకం చేశాను.

రిపోర్టులో తేడా ఉన్న ప్రతి అంకె పక్కన ఎర్ర నక్షత్రం పడుతుంది. ఆమెకు నాలుగు పడ్డాయి. మూడు మొదటి పేజీలో, ఫెరిటిన్‌ది రెండో పేజీలో, రాయితీ ప్యాకేజీ ప్రకటన కింద. అడుగున మామూలుగా ఉండే వాక్యం: రోగి పరిస్థితితో సరిపోల్చుకోవలెను. సంఘంలో ఆశీర్వాద ప్రార్థన మొదలు కాగానే జనం చెప్పులు వెతుక్కోవడం మొదలు పెడతారు. రిపోర్టులో ఆ వాక్యానికీ అంతే గౌరవం దక్కుతుంది. దాన్ని అచ్చు వేసినవాళ్ళు పాటించరు, అందుకున్నవాళ్ళు చదవరు.

ఆ ఆదివారం లిలువాలో ఆరాధనకు వెళ్ళాను. సాక్ష్యాల సమయంలో దీనమ్మ లేచింది. దీనమ్మ వాట్‌గంజ్‌లో రోడ్లు ఊడ్చే మనిషి. ఆమె భర్త మునిసిపల్ పనిలో ఉండగా రెండేళ్ళ క్రితం పోయాడు. అప్పటి నుంచి ఆమె రోజుకూలీ. భర్త స్థానంలో పర్మనెంటు ఉద్యోగం ఇవ్వడానికి ఇన్నాళ్ళకు ఫైలు కదిలింది. ఆ ఉద్యోగంతోనే వాళ్ళుంటున్న ఒంటిగది క్వార్టరు కూడా నిలుస్తుంది. మిగిలింది వైద్య పరీక్ష ఒక్కటే. అందుకోసం సంఘమంతా ప్రార్థన చేస్తోంది, నేనూ చేస్తున్నాను.

ఆమె ఒక కాగితాన్ని అయ్యగారి చేతిలో పెట్టింది. ఆయన దాన్ని పైకెత్తి పట్టుకున్నారు. కాగితం పైన అచ్చు వేసిన మా ల్యాబ్ గాజు తలుపు బొమ్మ నాకు దూరం నుంచే తెలుస్తుంది. అడుగున ఉన్న నా సంతకం కూడా.

"రక్తంలో ఇనుము లేదని పెద్దాసుపత్రివాళ్ళు చెప్పిన మన సహోదరికి ఈరోజు ఇనుము ఎంతో చూడండి! ఉండవలసిన దానికంటే ఎక్కువ!" అన్నారు అయ్యగారు. "థైరాయిడ్ జబ్బని చెప్పారు. ఇదిగో, సున్నా! సున్నా అంటే ఏమిటి ప్రియులారా? లేదు! పక్కన నక్షత్రం కూడా వేశారు!"

హాలంతా స్తోత్రంతో మార్మోగింది. నా పక్కన కూర్చున్నావిడ నన్ను మోచేత్తో పొడిచి, "మీ లేబేనంట కదమ్మా" అంది గర్వంగా.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. దేవుడు స్వస్థపరుస్తాడని నేను నమ్ముతాను. మా అమ్మ మంచం మీద నుంచి లేవడం చూసినదాన్ని. అందుకే ఆయన చేయని పనికి ఆయన పేరు పెట్టడం నాకు భయం. టీఎస్‌హెచ్ సున్నాకు దిగితే అది నయం కావడం కాదు, ఇంకో జబ్బు. అయితే ఆ జబ్బు ఉన్నవాళ్ళు ఎలా ఉంటారో నాకు తెలుసు. వాళ్ళకు చెమటలు పడతాయి, గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి, బరువు తగ్గుతారు. దీనమ్మ పంకాలన్నీ తిరుగుతున్న హాల్లో ఊలు స్వెట్టరు వేసుకుని ఉంది. ముఖం ఉబ్బి ఉంది. వేదిక నుంచి తన బెంచీ దాకా ఆమె నడిచి వచ్చేసరికి పాట రెండు చరణాలు అయిపోయింది.

ఆరాధన అయ్యాక వరండాలో ఆమెను పక్కకు పిలిచాను. చేయి పట్టుకుంటే మంచులా ఉంది. నాడి నింపాదిగా కొట్టుకుంటోంది.

"ఏటి డాక్టరమ్మా, అలాగ సూస్తన్నారు?" అంది. నేను డాక్టరును కానని సంఘానికి ముప్పై ఏళ్ళుగా చెబుతున్నాను, ప్రయోజనం లేదు.

రక్తం ఇచ్చిన రోజు పొద్దున ఏమైనా తిన్నావా అని అడిగాను.

"ఓలమ్మ! ఏటీ తిన్లేదు. ఉపవాసముతో రావలెను అని గోడ మీద రాసుంది కాదేటి? మా పిల్ల సదివి సెప్పింది. అసలే ఉపవాస దినాలు. లికర్ చా కూడా ముట్లేదు. ఆ కౌంటరు కాడ రింకీ, 'ఖాలీ పేటే తో, మాషీ?' అని, ఖాళీ కడుపేనా పిన్నీ అని అడిగితే అవునన్నాను."

మరి మాత్రలో, అన్నాను.

"మాత్రలు ఏసుకున్నాను. మాత్రలకి ఉపవాసం భంగం కాదని అయ్యగారు సెప్పినారు కదేటి. మీరే సెప్పించినారంట!"

ఎన్ని మాత్రలు?

"మూడే. తైరాయిడ్‌ది ఒకటి, ఇనుముది ఒకటి, జుట్టుది ఒకటి. మూడూ ఒక్క గుక్కలో మింగీసినాను. రోజూ అంతే. తెల్లారి ఆరింటికి సీపురట్టుకోవాల, నాకు మూడు పూటలు ఎక్కడివి?"

జుట్టుది ఏమిటని అడిగాను. జుట్టు రాలిపోతోందని వాట్‌గంజ్ మందుల షాపువాడు ఇచ్చాడట. సంచీలోంచి అట్ట తీసి చూపించింది. బయోటిన్, పది మిల్లీగ్రాములు.

ఆ అట్ట చూశాక నాకు నాలుగు నక్షత్రాలూ అర్థమయ్యాయి. ఆరింటికి మింగిన ఇనుము మాత్ర ఎనిమిదిన్నరకు, రక్తం తీసే వేళకు, దారిలో ఉంది. అందుకే రోడ్డు నిండా లారీలు, గోదాము ఖాళీ. బయోటిన్ సంగతి ఇంకా తమాషా. మా యంత్రం హార్మోన్‌ను పట్టుకోవడానికి బయోటిన్‌నే కొక్కెంగా వాడుతుంది. ఆ మాత్రల వల్ల మనిషి రక్తంలోనే అది పొంగి ఉంటే కొక్కేలు తగిలించే చోట్లన్నీ ముందే నిండిపోతాయి. అప్పుడు టీఎస్‌హెచ్ లేనట్టు, టీ4 పొర్లుతున్నట్టు కనబడుతుంది. ఒక్క పరీక్షనే తప్పుదారి పట్టిస్తే అనుమానం వచ్చేది. రెండింటినీ రెండు దిక్కులకు, అచ్చం జబ్బులాగే తప్పుదారి పట్టిస్తుంది. పైగా అసలు నష్టం ఇంకొకటి ఉంది. ఇనుము, థైరాయిడ్ మాత్ర ఒకే గుక్కలో కడుపులోకి వెళితే ఇనుము రెండోదాన్ని పట్టుకుని వంటబట్టనివ్వదు. మధ్య నాలుగు గంటలు ఎడం ఉండాలి. దీనమ్మ రెండేళ్ళుగా థైరాయిడ్ మాత్ర క్రమం తప్పకుండా మింగింది, బహుశా వాటిలో చాలాభాగం పని చేయకుండానే వెళ్ళిపోయాయి.

ఆ రిపోర్టు తప్పు, మళ్ళీ రక్తం ఇవ్వాలి, మాత్రలు ఆపకు అన్నాను.

"ఆపీసినాను కదమ్మా! బేస్తవారం కాగితం వొచ్చిన కాడ్నించి తైరాయిడ్‌దీ ఇనుముదీ ముట్లేదు."

మరి జుట్టుది?

"అది మందేటి? జుట్టుది కదా. అదేసుకుంటన్నాను."

అంటే మానవలసినది వేసుకుంటోంది, వేసుకోవలసినవి మానేసింది. మళ్ళీ పరీక్ష చేసినా యంత్రం మళ్ళీ అదే అబద్ధం చెబుతుంది. రేపటి నుంచి మాత్రలు మొదలు పెట్టమన్నాను. దీనమ్మ తల అడ్డంగా ఊపింది.

"అందరి ముందర సాక్ష్యం సెప్పీసినాను. ఇప్పుడు మాత్ర మింగితే నాను అబద్ధమాడినట్టు కాదేటి? దేవుడి మీద! మీరు సదువుకున్నోరు, మీరే సెప్పండి."

ఆమె అడిగింది సరైన ప్రశ్న.

మర్నాడు సాయంత్రం ఆమె ఫోన్ చేసింది. ఆఫీసువాళ్ళు కాగితం ఇచ్చారు: తాత్కాలికంగా అనర్హురాలు. థైరాయిడ్ అతిగా పని చేయుట, శరీరమున ఇనుము అతిగా చేరుట అని అనుమానము. స్పెషలిస్టు అభిప్రాయముతో ఎనిమిది వారాలలోగా హాజరు కాని యెడల పేరు జాబితా నుండి తొలగించబడును. మునిసిపల్ వైద్యాధికారి మొదటి పేజీలో మూడు నక్షత్రాలు చూశాడు, రెండో పేజీ తిప్పలేదు, మనిషినీ చూడలేదు. ఒకే కాగితాన్ని అయ్యగారు అద్భుతంగా చదివారు, వైద్యాధికారి ఆపదగా చదివాడు. ఇద్దరూ నా సంతకాన్ని నమ్మారు.

"నయమైపోనాదని దేవుడు సెప్పినాడు, అనర్హురాలని ఆపీసోళ్ళు సెప్పినారు. ఎవుల మాట ఇనాల?" అంది దీనమ్మ. ఇద్దరూ ఏమీ చెప్పలేదు, చెప్పింది నేను అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. గురువారం రక్తం ఇవ్వడానికి మాత్రం ఒప్పుకుంది. అప్పటిదాకా జుట్టు మాత్ర మానేయమంటే వెంటనే సరేనంది, అది మందు కాదు కనుక.

డాక్టర్ సన్యాల్ దగ్గరకు వెళ్ళాను. ఆయన నాకంటే పదిహేనేళ్ళు చిన్న, తెలివైనవారు, మార్చిలో ల్యాబ్‌కు ఆడిట్ ఉంది. నేను చెప్పింది అంతా విని, యంత్రం తప్పేమీ లేదు కదా అన్నారు. లేదన్నాను. టెక్నీషియన్ తప్పు లేదు కదా? లేదు. కాబట్టి రిపోర్టు కరెక్టే, రోగి తప్పు, అని తేల్చారు. రిపోర్టు సవరిస్తే అది ఆడిట్‌లో లోపంగా లెక్కకొస్తుంది. "దిదీ, మీ చర్చి వరండాలో విన్న కబుర్లను క్లినికల్ హిస్టరీ అనలేం" అని కూడా అన్నారు.

రోగి పరిస్థితితో సరిపోల్చుకోవలెనని అచ్చు వేసింది మనమే, రోగి పరిస్థితి ఆ వరండాలో ఊలు స్వెట్టరు వేసుకుని ఉంది, అన్నాను. గోడకంటించిన తెలుగు కాగితం సంగతీ చెప్పాను. లోపాల రిజిస్టరులో కారణం అన్న చోట నా పేరే రాసుకోండి అన్నాను. ఒక పేరు దొరికాక ఆయనకు పని సులువైంది. మళ్ళీ పరీక్షకు సంతకం పెట్టారు.

గురువారం దీనమ్మ నీళ్ళు తప్ప ఏమీ మింగకుండా వచ్చింది. ఈసారి సెంటర్‌లో నేనే నిలబడ్డాను. ఫలితం: ఇనుము 22, ఫెరిటిన్ మళ్ళీ 6, టీఎస్‌హెచ్ 46, టీ4 గీత కింద. వారం రోజులు మాత్రలు మానినంత మాత్రాన టీఎస్‌హెచ్ 46కు ఎక్కదు. గుమాస్తా ఎన్నాళ్ళుగానో నిద్రలోనే ఉన్నాడు. రోడ్డు ఖాళీ, గోదాము ఖాళీ. రెండింటి మాట ఇప్పుడు కలిసింది. ఈ జబ్బుకు మందుంది, దీనివల్ల ఎవరినీ ఉద్యోగానికి అనర్హులు అనరు, మాత్రలు సరిగ్గా పడితే చాలు. డాక్టర్ సన్యాల్ స్పెషలిస్టు అభిప్రాయంగా మునిసిపల్ వైద్యాధికారికి, మందుల కోసం మునిసిపల్ డిస్పెన్సరీ డాక్టరుకు మంచి ఉత్తరాలు రాశారు. థైరాయిడ్ మాత్ర తెల్లవారుజామున, ఇనుము మాత్ర మధ్యాహ్నం అని డిస్పెన్సరీ డాక్టరు చీటీ రాసిచ్చాడు.

ఆ చీటీ మడతపెట్టి దీనమ్మ సంచీలో పెట్టుకుంది. మాత్రలు మాత్రం మింగలేదు. సాక్ష్యం ఇంకా నిలిచే ఉంది మరి.

శనివారం అయ్యగారింటికి వెళ్ళాను. ఆయన అప్పటికే ఆ రిపోర్టు ఫొటోను, నక్షత్రాల చుట్టూ సున్నాలు చుట్టి, నాలుగు సంఘాల వాట్సాప్ గుంపులకు పంపి ఉన్నారు. ఖరగ్‌పూర్ నుంచి ఇద్దరు ఇనుము కోసం ప్రార్థన కూడా అడిగారు. కొత్త రిపోర్టు చూపించి, సాక్ష్యాన్ని సవరించాలి అన్నాను. ఆయన గడ్డం నిమురుకుంటూ అన్నారు:

"సుగుణమ్మగారూ, సంఘంలో బలహీనులుంటారు. అద్భుతం జరిగిందని చెప్పి మళ్ళీ జరగలేదంటే వాళ్ళ విశ్వాసం ఏమవుతుంది?"

"దీనమ్మ ఉద్యోగం ఏమవుతుంది అయ్యగారూ?"

"మీరు సైన్సు వైపు నుంచి మాట్లాడుతున్నారు."

"లేదండీ. అబద్ధ సాక్ష్యం పాపమని నాకు ఆదివారపు బడిలో నేర్పింది మీ మామగారే. సైన్సులో దాన్ని ఆడిట్ లోపం అంటారు, అంతే."

డాక్టర్ సన్యాల్, అయ్యగారు ఒకరినొకరు ఎన్నడూ చూసుకోలేదు. కానీ ఇద్దరూ ఒకే ఆఫీసులో పని చేస్తున్నట్టు మాట్లాడారు. తప్పు కంటే సవరణ ప్రమాదమని ఇద్దరికీ నమ్మకం. అయ్యగారితోనూ చివరికి నా పేరే వాడుకున్నాను. తప్పు మీది కాదు, నాది, నేనే లేచి చెబుతాను అన్నాను. ఆయన ముఖం తేటపడింది.

ఆదివారం సాక్ష్యాల సమయంలో నేను లేచాను. ఆ కాగితం మీద సంతకం నాది, అది తప్పు, సహోదరి దీనమ్మ అబద్ధం చెప్పలేదు, నేను చెప్పిన అబద్ధాన్ని నమ్మింది, అన్నాను. ఉపవాసం అని రాసింది నేను, మాత్రలు వేసుకోవచ్చని చెప్పించింది నేను, ఆ రెండు మాటలనూ ఆమె పొల్లు పోకుండా పాటించింది అన్నాను. పోయిన వారం నన్ను మోచేత్తో పొడిచినావిడ ఈసారి కొంచెం జరిగి కూర్చుంది.

అప్పుడు దీనమ్మ లేచింది. పిలవకుండానే లేచింది.

"అయితే నాకు నయమవలేదా డాక్టరమ్మా?"

ఇంకా లేదు అన్నాను.

ఆమె స్వెట్టరు గుండీ తిప్పుకుంటూ, "మరైతే మాత్ర మింగితే తప్పు లేదు కదా?" అంది. నన్ను కాదు, అయ్యగారిని. ఆయన లేదన్నారు. "అదే కావాల" అని కూర్చుంది. ఆ వారమంతా ఆమె మోసిన బరువు ఆ ఒక్క ప్రశ్నే.

అయ్యగారు చక్కటి ప్రసంగకులు. ఒక్క నిమిషంలో తేరుకుని, అనేక వేల కాగితాలలో ఈ ఒక్క కాగితపు తప్పు మన సంఘంలోనే ఉన్న మనిషి కంటపడడం ఎంత గొప్ప అద్భుతమో వివరించారు. సాయంత్రానికి నాలుగు గుంపులకూ కొత్త సందేశం వెళ్ళింది, రెండింతల అద్భుతం అని. నేను అడ్డు చెప్పలేదు. ఈ అద్భుతంలో మాత్రలు మింగడానికి చోటుంది. ఆలోచిస్తే ఆయన అన్నది పూర్తిగా కాదనడానికి నాకు ధైర్యమూ చాలలేదు.

ఈస్టర్ వెళ్ళిన రెండో వారంలో మళ్ళీ పరీక్ష జరిగింది. టీఎస్‌హెచ్ 46 నుంచి 7కు దిగింది. ఇనుము కొంచెం ఎక్కింది, గోదాములోకి సరుకు రావడం మొదలైంది. దీనమ్మ స్వెట్టరు లేకుండా వచ్చింది, మాట కూడా చురుకైంది. ఆరు వారాలకు అంతకంటే ఎక్కువ ఆశించకూడదు. డాక్టర్ సన్యాల్ ఉత్తరాన్ని మునిసిపల్ వైద్యాధికారి చదివాడో లేదో తెలియదు. ఈసారి నక్షత్రాలు చిన్న అంకెల పక్కన ఉన్నాయని చూసి ఫిట్ అని ముద్ర వేశాడట. గడువుకు నాలుగు రోజుల ముందు. ఉద్యోగమూ వచ్చింది, గదీ నిలిచింది.

ఆ తర్వాత గోడమీద కాగితం మార్చే పని మళ్ళీ నాకే వచ్చింది. ఈసారి ముందుగా దీనమ్మను అడిగాను. ఉపవాసం బదులు 'పరగడుపున రావలెను' అని రాస్తే సరిపోతుందా అని.

ఆమె నవ్వింది. "పరగడుపు అంటే మరీ మాత్రేసుకునే వొస్తారమ్మా. తైరాయిడ్ మాత్ర పరగడుపునే ఏసుకోమని డాక్టరు సెప్పినాడు కదేటి!"

ఆ మాట నిజం. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఆ సంగతి నాకు తట్టలేదు. చివరికి గోడమీద ఏ మంచి మాటా లేకుండా రాశాను: 'రక్తం ఇచ్చేదాకా మంచినీళ్ళు తప్ప ఏదీ మింగవద్దు. మాత్ర కూడా. జుట్టు మాత్ర మూడు రోజుల ముందే ఆపండి. రోజూ ఏ మాత్రలు వేసుకుంటారో అట్టలతో సహా తెచ్చి చూపించండి. ప్రాణానికి అవసరమైన మందు అయితే మీ డాక్టరును అడక్కుండా మానవద్దు.' మంచి భాష కాదని డాక్టర్ సన్యాల్‌కు ఎవరో తెలుగు అధికారి చెప్పాడట. ఫారంలో ఫాస్టింగ్ గడి పక్కన ఇంకో గడి పెట్టించాను, 'ఈ ఉదయం ఏం మింగారు?' అని. దాన్ని నింపడానికి రింకీకి ఒక్కో మనిషి దగ్గర ఒక నిమిషం ఎక్కువ పడుతోందని మేనేజరు రెండుసార్లు ఫిర్యాదు చేశాడు.

ఈ వ్యవహారం వల్ల నేను నేర్చుకున్నది చిన్నదే. ఇనుము, థైరాయిడ్ అంకెలు ఒకదానితో ఒకటి పొసగకపోతే, లేదా మనిషితో పొసగకపోతే, యంత్రాన్ని రెండోసారి అడగడం వృథా. అది ఎంతసేపటికీ తనకు ఇచ్చిన రక్తం గురించే చెబుతుంది. మనిషిని ఒక్కసారి అడగాలి, ఆ మనిషికి అర్థమయ్యే మాటలో అడగాలి. ఇప్పుడు మా సంఘంలో ఎవరైనా రిపోర్టు పట్టుకుని సాక్ష్యానికి లేస్తే, స్తోత్రం చెప్పేముందు అయ్యగారు ఆగి అడుగుతారు: "పొద్దున ఏం మింగావమ్మా?"